హానా గారి గుమ్మంలో ముగ్గు

మ్యూజియంలన్నిటినీ తగలబెట్టాలని వందేళ్ళ కిందట యూరప్ కాఫీ హోటళ్ళలో కూర్చుని తీర్మానాలు చేసిన కుర్రాళ్ళ కాగితాలు ఇప్పుడు టొరంటోలో ఒక మ్యూజియంలోనే ఉన్నాయి. అద్దాల కింద పెట్టి, బాలింతరాలి గదిలోలాగా వెలుతురూ గాలీ ఎక్కువ తగలకుండా కాపాడుతున్నారు. వాటిని చూడడానికి మొన్న ఫిబ్రవరిలో నేనూ మా అమ్మా వెళ్ళాం. మాది రిచ్‌మండ్ హిల్. అమ్మకు ఎనభై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు పనిచేయవు, నోరు పనిచేస్తుంది. ఆవిడను వీల్‌చెయిర్‌తో సహా కారెక్కించి, డౌన్‌టౌన్ దాకా డ్రైవ్ చేసి, పార్కింగ్ వెతికి దింపేటప్పటికి కళ మీద నాకున్న కాస్త గౌరవమూ కరిగిపోయింది. పైగా దారి పొడుగునా అమ్మది ఒకటే ప్రశ్న, ఇంత చలిలో బొమ్మలు చూడకపోతే ఏం కొంప మునిగిందని.

కొంప మునగలేదు గానీ ఒక ఈమెయిల్ వచ్చింది. రాసింది క్లేర్ అనే అమ్మాయి. ఆ మ్యూజియంలో క్యూరేటర్. అంటే ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ పెట్టాలో, దాని కింద ఏం రాస్తే జనానికి అర్థం కాకుండా ఉంటుందో నిర్ణయించే మనిషి. మా చిన్నప్పుడు ఎడ్మంటన్‌లో మా పక్కింట్లో ఉండిన హానా అనే ఆవిడ పనిని ఎగ్జిబిషన్‌గా పెట్టారట. ఆవిడ నోటుబుక్కుల్లో వసుంధర అనే పిల్ల పేరూ, మా నాన్నగారి ఇంటిపేరూ కనిపించాయట. ఆ పిల్లను నేనే అయితే ఒకసారి రాగలనా అని అడిగింది. మీ అమ్మగారు ఇంకా ఉన్నారా అని కూడా, ఆసుపత్రిలో అడిగినంత మెత్తగా అడిగింది. ఉన్నారు, పక్క గదిలో ఫోన్లో సీరియల్ చూస్తున్నారు అని రాశాను. ఆ అమ్మాయికి ఎంత సంతోషం కలిగిందంటే అరగంటలో మూడు ఈమెయిళ్ళు పంపింది.

నేను ముప్పై ఏళ్ళు ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు తోసిపుచ్చి రిటైరైనదాన్ని. ఆ తరవాత ఏం తోచక ఇలా తెలుగులో జ్ఞాపకాలు రాసుకుంటున్నాను. కళ గురించి నాకు తెలిసిందంతా ఆ రోజు గోడల మీద చదివిందే. ఒకాయన మనిషి ముఖాన్ని పగిలిన పెంకుల్లాగా గీస్తే అది క్యూబిజం. ఇంకొకాయన మోటారు కారును దేవుణ్ణి చేసి గతాన్నంతా పూడ్చిపెట్టమంటే ఫ్యూచరిజం. ఇంకో గుంపు వంపుగీతను నిషేధించింది. మరో గుంపు పెద్ద అక్షరాలను నిషేధించింది. ఎరుపు, నలుపు తప్ప రంగులక్కర్లేదని ఒకరు, అక్షరాలు నిటారుగా నిలబడితే బానిసత్వమనీ ఏటవాలుగా నిలబెట్టాలనీ ఒకరు. ఇద్దరు స్నేహితులు కలిస్తే ఒక ఇజం, ముగ్గురు కలిస్తే రెండు ఇజాలూ ఒక పత్రికా. పత్రిక రెండో సంచిక వచ్చేలోపు తగాదా, చీలిక, కొత్త ప్రకటన. టొరంటోలో తెలుగు సంఘాల చరిత్ర తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. వింతల్లా ఒకటే, వీళ్ళ తగాదాల నుంచి పోస్టర్లు మిగిలాయి, మన తగాదాల నుంచి ఫ్లెక్సీలు కూడా మిగల్లేదు. చివర్లో దుకాణం ఉంది. అలంకారం నేరమన్నవాళ్ళ చదరాన్నీ వృత్తాన్నీ త్రికోణాన్నీ మేజోళ్ళ మీద అలంకారంగా వేసి అమ్ముతున్నారు.

మూడో గదిలో హానా గారి గోడ. అక్కడ ఆవిడ నోటుబుక్కులోని ఒక పేజీని గోడంత పెద్దది చేసి అతికించారు. పెన్సిలుతో చుక్కలు, చుక్కల చుట్టూ మెలికలు తిరిగిన గీత. దాని పక్కన జానెడేసి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మాట. దాని అర్థం ఇది: కనిపించాల్సిన పని లేదు, గీయడమే ముఖ్యం. కింద చిన్నగా, పొరుగింటి భారతీయ చిత్రకారిణి, ఎడ్మంటన్, పేరు తెలియదు. ఆ చిత్రకారిణి నా ముందు వీల్‌చెయిర్‌లో కూర్చుని స్వెట్టరు గుండీ ఎక్కడ ఊడిందా అని వెతుక్కుంటోంది. నేను మాత్రం ఆ మాటను రెండోసారి చదివాను. ఆ మాట మా అమ్మ ఎన్నడూ అనలేదు. అన్నది నేను. నాకప్పుడు పన్నెండేళ్ళు.

ఎడ్మంటన్‌లో మాది యూనివర్సిటీకి దగ్గర్లో అద్దె ఇల్లు. నాన్నగారు అక్కడ సివిల్ ఇంజనీరింగ్ చెప్పేవారు. గడ్డకట్టిన నేల మీద రోడ్డు వేస్తే ఏమవుతుందన్నది ఆయన పరిశోధన. పగులుతుందన్నది ఆయన కనిపెట్టిన సత్యం. చలికాలం పొద్దున్నే ఇంట్లో మనుషులకు కాఫీ కంటే ముందు కారుకు కరెంటు సంగతి చూసేవారు. అక్కడ రాత్రంతా కారు ఇంజనుకు వైరు తగిలించి వెచ్చబెట్టకపోతే పొద్దున అది కదలదు. వైరు ఊడిందేమో చూసి వచ్చి, బూట్ల మంచు దులిపి, ఆ తరవాతే సంధ్యావందనం. ఇంట్లో నేల మీద ఇనుప జల్లెడలోంచి వేడిగాలి వచ్చేది. దాని మీద నా తడి మేజోళ్ళు, అమ్మ అప్పడాలు పక్కపక్కన ఆరేవి. ఆ గాలి పోపు వాసనను ఇంట్లో ప్రతి కోటుకూ సమానంగా పంచేది. బడిలో నా కోటు తగిలించిన కొక్కేనికి అటూ ఇటూ రెండేసి కొక్కేలు ఖాళీగా ఉండేవి. ఆ ఖాళీ కొక్కేల వల్ల ఆ ఏడాది నాకు మా ఇంట్లో ప్రతిదాన్ని చూసినా సిగ్గే. ఇంగువ డబ్బా, నాన్నగారి దగ్గు, అమ్మ బొట్టు, అన్నిటికన్నా ముఖ్యంగా అమ్మ ముగ్గు.

మా ఊరు తెనాలిలో వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టందే అమ్మ పొయ్యి వెలిగించలేదు. ఎడ్మంటన్ వచ్చామని ఆ పద్ధతి మార్చుకుంటే ఆవిడ మా అమ్మ కాదు. వచ్చిన కొత్తలో మొదటి మంచు పడిన రోజు పద్ధతి ప్రకారం గుమ్మం ముందు నీళ్ళు చల్లింది. అవి చల్లినవి చల్లినట్టే గడ్డకట్టాయి. నాన్నగారు బ్రీఫ్‌కేసుతో గుమ్మంలో కాలు పెట్టి, తిన్నగా కారు దాకా కూర్చునే వెళ్ళారు. మంచు మీద రాపిడి ఎంత తక్కువో లెక్కలు వేసి పాఠం చెప్పే ఆయనకు అది మంచి ప్రయోగమే అయింది గానీ, మర్నాటి నుంచి కళ్ళాపి రద్దయింది. ముగ్గు మాత్రం రద్దు కాలేదు. కాఫీ గింజల మరలో బియ్యం పిండి చేసుకుని, చీర మీద నాన్నగారి పార్కా కోటు తొడుక్కుని, కుడిచేతి గ్లవ్ తీసేసి, మూడు నిమిషాల్లో తొమ్మిది చుక్కల మెలికల ముగ్గు వేసేది. నాలుగో నిమిషానికి వేళ్ళు కొంకర్లు పోతాయి. తెల్లటి మంచు మీద తెల్లటి పిండి. ఎదురుగా నిలబడి చూసినా కనపడదు. ఎండ ఏటవాలుగా పడితే ఒక గీత మెరిసి మాయమయ్యేది. ఎవరికి కనిపించాలని వేస్తున్నావోయ్ అని నాన్నగారు ఎగతాళి చేసేవారు. చీమలు తింటాయి అనేది అమ్మ. ఆల్బర్టాలో జనవరి నెలలో బతికున్న చీమను చూపిస్తే తన జీతం రాసిస్తాననేవారు ఆయన.

ఆ ముగ్గు ఒకరికి కనిపించింది. పక్కింట్లో హానా గారు ఒంటరిగా ఉండేవారు. డెబ్బై ఏళ్ళ మనిషి, సన్నగా, మెడ దాకా కత్తిరించిన తెల్లజుట్టు, ఎప్పుడూ నల్లగౌను. వీధిలో వాళ్ళు ఆవిడ గురించి చెప్పింది ఇంతే, యూరప్ నుంచి వచ్చింది, ఒకప్పుడు పిండిబస్తాల మీదా పాల డబ్బాల మీదా బొమ్మలు వేసేది, మనుషులతో కలవదు. ఆవిడ మేడ మీది కిటికీలోంచి చూస్తే అమ్మ ముగ్గు పొద్దుటెండలో స్పష్టంగా కనిపించేదట. ఒక శనివారం ఆవిడ మా తలుపు తట్టింది. అమ్మ ఇంగ్లీషు అప్పటికి థాంక్యూ దగ్గరే ఉంది కాబట్టి నన్ను ముందుకు తోసింది. హానా గారు నాతో చెప్పింది నాకు సగమే అర్థమైంది. తన వయసు ఇరవై ఉన్నప్పుడు తనూ తన స్నేహితులూ తెలుపు మీద తెలుపు వేయాలని పెద్ద పెద్ద వ్యాసాలు రాసుకున్నారనీ, ఇన్నేళ్ళ తరవాత ఈ ఊళ్ళో, ఈ చలిలో, రోజూ పొద్దున్నే ఒక ఆడమనిషి ఆ పని చేసి చూపిస్తుంటే నమ్మలేకపోయాననీ చెప్పింది. ఏ ఉద్యమమో అడిగింది. పక్కింటావిడకు నీ ముగ్గు నచ్చిందట అని నేను అమ్మకు చెప్పాను. అమ్మ లోపలికి వెళ్ళి ఆవిడకు నాలుగు జంతికలు పొట్లం కట్టి ఇచ్చింది. ఆధునిక కళా, తెనాలి జంతికా అలా కలుసుకున్నాయి.

అప్పటి నుంచి బడి వదిలాక నేను వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ముందు మొహమాటానికి, తరవాత ఇష్టానికి. ఆ ఇల్లు మా ఇంటికి పూర్తి విరుద్ధం. గోడలన్నీ తెలుపు. ఫొటో లేదు, కేలెండరు లేదు, కిటికీకి తెర లేదు, పువ్వు లేదు. ఒక బల్ల, ఇనుపగొట్టాలు వంచి చేసిన రెండు కుర్చీలు, ఒక దీపం. నల్లకాఫీ వాసన, ముద్రణ సిరా వాసన. అక్కడ ఒక్క వస్తువు కూడా నన్ను సిగ్గుపడేలా చేసేది కాదు. ఎందుకంటే అక్కడ వస్తువులే లేవు. ఆవిడ నాకు ఎర్రకాగితం, నల్లకాగితం ఇచ్చి చదరాలు కత్తిరించమనేది. నేను వంకరగా కత్తిరిస్తే వంకరదాన్నే ఇంకో రెండింటి పక్కన జరిపేది. అంతే, అది పోస్టరులా కనిపించేది. తన ఊరు గురించి, ప్రెస్సులో రాత్రింబవళ్ళు పనిచేసిన స్నేహితుల గురించి చెప్పేది. వాళ్ళంతా ఏమయ్యారని నేను అడగలేదు. కథల్లో మనుషులు కథ అయిపోగానే అయిపోతారని ఆ వయసులో నా నమ్మకం.

ఒక రోజు గాలికి నా జడ ఊడిపోయింది. హానా గారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఏమీ అడక్కుండా జుట్టంతా దువ్వి, పాయలు తీసి గట్టిగా అల్లింది. చివర కట్టడానికి ఏమీ లేకపోతే బల్ల సొరుగులోంచి ఒక ఎర్రరిబ్బను తీసింది. అలంకారం అబద్ధమని రోజూ నాకు పాఠం చెప్పే మనిషి సొరుగులో రిబ్బను ఎందుకుందో నాకు తట్టలేదు. ఇంటికి రాగానే అమ్మ ఆ జడను చేత్తో పట్టుకుని చూసింది. ఎవరేశారే అంది. చెప్పాను. అమ్మ అల్లికను పై నుంచి కింద దాకా వేలితో తడిమింది.

"ఇది పిల్లని పెంచిన చెయ్యే. కొత్త చెయ్యి ఇంత బిగువుగా లాగదు, నొప్పెడుతుందేమోనని భయపడుతుంది" అంది.

ఆ ఆదివారం అమ్మ, ఆవిడ పిలవకపోయినా, గిన్నెలో పులిహోర పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. అమ్మ ఆ ఇంట్లో అడుగు పెట్టడం అదే మొదలు. ఇనుపగొట్టాల కుర్చీ తన బరువు మోస్తుందన్న నమ్మకం లేక అంచు మీద కూర్చుంది. తెల్లగోడలు చూసింది. తెర లేని కిటికీలు, పటం లేని గోడ, ఆవిడ నల్లగౌను, అన్నీ ఒక్కొక్కటిగా చూసింది. మన వైపు గుమ్మంలో ముగ్గు లేదంటే ఆ ఇంట్లో ఎవరో పోయారన్నమాట. దానికి తోడు ఇల్లంతా అలా బోసిగా ఉంటే ఇక అనుమానమే లేదు. హానా గారి ఇంటిని ఆనాటి నుంచి ఈనాటి దాకా చూసిన చదువుకున్నవాళ్ళందరూ దాన్ని సిద్ధాంతం అన్నారు. మా అమ్మ ఒక్కతే చావిల్లు అనుకుంది.

"ఆవిడింట్లో ఎవరు పోయారో అడగవే. మెల్లిగా అడుగు, గుచ్చినట్టు అడక్కు" అంది నాతో.

నాకు తల తీసేసినట్టయింది. నా జీవితంలో దొరికిన ఒకే ఒక్క నాగరికురాలి ఇంటికి వచ్చి, పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మీ ఇంట్లో ఎవరు చచ్చారు అని అడగమంటుంది మా అమ్మ. ఈ మాట చెబితే ఇక్కడ కూడా నా పక్క కొక్కేలు ఖాళీ అవుతాయి. నేను హానా గారి వైపు తిరిగి, నా బడి ఇంగ్లీషులో, మీ గోడలు ఇంత తెల్లగా ఎందుకుంచుకున్నారని అమ్మ అడుగుతోంది అన్నాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. అలాంటి ప్రశ్న అడిగే మనిషి కోసం నలభై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నట్టు మొదలుపెట్టింది. పాత ప్రపంచం ప్రతి గోడ మీదా దేవతల బొమ్మలూ పూలతీగలూ చెక్కి, ఆ తీగల కిందనే నిలబడి యుద్ధానికి వెళ్ళిందనీ, అందుకే తన తరం వాళ్ళు పూలతీగలను నమ్మడం మానేశారనీ చెప్పింది. ఒక పలక, ఒక గీత, ఒక అక్షరం అబద్ధం ఆడకుండా నిలబడితే చాలునన్నది తమ ఆశ అంది. రైతుకూ రైల్వే కూలీకీ కూడా అర్థమయ్యే అక్షరాలు చేస్తే లోకం బాగుపడుతుందని నిజంగానే నమ్మారట. చెబుతూ చెబుతూ మధ్యలో ఒకచోట ఆగిపోయి, కప్పు అటూ ఇటూ జరిపి, మళ్ళీ గోడల గురించి ఎత్తుకుంది. అరగంట గడిచింది. అమ్మ ఆవిడ ముఖం మీంచి కళ్ళు తిప్పకుండా కూర్చుంది. అంతా అయ్యాక నా మోచెయ్యి తట్టి ఏమంటుందే అంది.

"ఎవరూ పోలేదంట" అన్నాను.

"ఇంతసేపూ చెప్పింది అదేనా?"

"అదే."

అమ్మ గిన్నె ఆవిడ బల్ల మీద పెట్టి లేచింది. గుమ్మం దిగుతూ నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఎవరూ పోలేదని చెప్పడానికి అరగంట పట్టిందంటే చాలామందే పోయుంటారు. పోనీలే, చెప్పుకోలేకపోతోంది. ఇంక అడగొద్దు."

మా అమ్మ మాటంటే మాటే. మళ్ళీ అడగలేదు. మర్నాటి నుంచి ఒక పని మాత్రం పెట్టుకుంది. మా గుమ్మంలో ముగ్గు అయ్యాక, మూడు నిమిషాలకు ఇంకో మూడు నిమిషాలు కలుపుకుని, హానా గారి మెట్టు మీద కూడా చిన్న ముగ్గు వేసి వచ్చేది. వేళ్ళు నీలంగా మారి, ఇంట్లోకి రాగానే వేడిగాలి జల్లెడ మీద చేతులు పెట్టుకుని కళ్ళ నీళ్ళు తిరిగేదాకా నిలబడేది. ఎందుకమ్మా ఈ తిప్పలు అని నాన్నగారి వంతుగా నేనూ విసుక్కున్నాను. ఆ గుమ్మం చావింటి గుమ్మంలా కనబడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నానంది. హానా గారు అడిగితే ఈ మాటే చెప్పమంది.

ఆవిడ అడగనే అడిగింది. నోటుబుక్కు తెరిచి, పెన్సిలు చెక్కుకుని, మీ అమ్మ నా గుమ్మంలో ఎందుకు గీస్తోంది, కనిపించనిదాన్ని గీయడంలో ఆమె ఉద్దేశం ఏమిటి అని అడిగింది. చావింటి గుమ్మం అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. మా బడిలో డ్రాయింగు చెప్పే మాస్టారు, బొమ్మ కుదరక ఏడ్చే నాలాంటివాళ్ళను ఓదార్చడానికి, ఎలా వచ్చిందన్నది కాదు, గీయడమే ముఖ్యం అంటుండేవారు. చేతకానివాళ్ళకు ఇచ్చే ఆ ఓదార్పు బహుమతిని తీసి, కాస్త తుడిచి, మా అమ్మ పేరున హానా గారి చేతిలో పెట్టాను. కనిపించాల్సిన పని లేదు, గీయడమే ముఖ్యం అంటుంది మా అమ్మ అన్నాను. ఆవిడ అలా రాసుకుంటూ ఉంటే నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పకపోతే ఈ కథంతా ఇంకో అబద్ధమవుతుంది. ఆ క్షణంలో మా అమ్మ నాకు నచ్చింది. కాకపోతే ఆవిడ మా అమ్మ కాదు, నేను తయారుచేసుకున్న అమ్మ.

ఆ చలికాలమంతా ఇదే నా ఉద్యోగం. హానా గారు రాత్రి ఏం తింటోందో అడగమని అమ్మ అంటే నేను రంగుల గురించి అడిగాను. ఆవిడ చుక్కలను ఎలా లెక్కపెడతారని అడిగితే తన తల్లి నేర్పిందని అమ్మ చెప్పింది, నేను గణితమన్నాను. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని, నా పుణ్యమా అని, ఇద్దరికీ సంబంధం లేని సంభాషణ ఒకటి నడిపించారు. మంచు కరిగాక హానా గారు మాంట్రియల్‌లో ఎవరో దూరపు బంధువు దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు అమ్మ చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఏమీ మాట్లాడలేదు కాబట్టి ఆ ఒక్కసారీ మధ్యలో నేను పాడుచేయడానికి ఏమీ లేకపోయింది. తరవాత ఆవిడను మేం చూడలేదు.

ఇప్పుడు మా రిచ్‌మండ్ హిల్ కాండోలో గోడలన్నీ తెలుపే. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు దాన్ని మినిమలిజం అన్నాడు. నాకు తెలిసిన తెలుగువాళ్ళ కొత్త ఇళ్ళన్నీ అలాగే ఉన్నాయి, తెల్లగోడ, బూడిదరంగు సోఫా, మధ్యలో ఏమీ లేని గాజుబల్ల. హానా తరం వాళ్ళు తిండి మానేసి కొట్లాడి సాధించిన బోసితనాన్ని వీళ్ళు వారంటీతో సహా కొనుక్కున్నారు. ఆవిడ గోడలు దేన్నో దాచుకోవడానికి తెల్లబడ్డాయి, మన గోడల వెనక దాచుకోవడానికి డ్రైవాల్ పలక తప్ప ఏమీ లేదు. మా తలుపు ముందు కారిడార్లో తివాచీ ఉంటుంది కాబట్టి ముగ్గు పెట్టే వీలు లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన స్టిక్కరు ముగ్గు అతికించాను. అమ్మ దాన్ని ఏడాదికోసారి వేసే ముగ్గంటుంది. ఇక అనువాదానికి ఎవరికీ పన్నెండేళ్ళ పిల్ల అక్కర్లేదు. ఫోనులో మాట్లాడితే ఫోను చెప్పేస్తుంది. తప్పులు నాకంటే ఎక్కువే చేస్తుంది గానీ దానికి సిగ్గు లేదు. అందుకే అది నాకంటే నయం.

ఆ రోజు మ్యూజియంలో ఆ గోడ ముందు క్లేర్ మా కోసం ఎదురుచూస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయేమో, హానా గారిలాగే నల్లబట్టలు, మెడ దాకా కత్తిరించిన జుట్టు. అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో అమ్మ చెయ్యి పట్టుకుంది. ఈ మాట తన థీసిస్‌కు ఆధారమనీ, హానా చివరి పదేళ్ళ పనంతా ఈ మాట నుంచే పుట్టిందని తను వాదించాననీ చెప్పింది. అసలు ఆ ముగ్గు వెనక అమ్మ ఆలోచన ఏమిటో అమ్మ నోటితోనే వినాలని ఉందంది. చెప్పి నా వైపు చూసింది. అమ్మ కూడా నా వైపు చూసింది. యాభై ఏళ్ళు తిరిగి మళ్ళీ హానా గారి గోడ ముందు, మళ్ళీ ఇద్దరి మధ్య నిలబడ్డాను. కొక్కేలేవీ లేవు. అయినా కళ్ళు వాటి కోసమే వెతికాయి.

గోడ మీద ఏం రాసుందే అని అమ్మ ముందు నన్నే అడిగింది. తెలుగులో చెప్పాను. నువ్వన్నావని రాశారమ్మా అన్నాను. అమ్మ దాన్ని ఒకసారి నోట్లో వేసుకుని చూసినట్టు మెల్లిగా పలికింది. తరవాత నా ముఖంలోకి చూసింది. ఎనభై ఎనిమిదేళ్ళ కళ్ళకు శుక్లాలు తీసేశారు, ఇప్పుడు అవసరానికి మించి కనిపిస్తుంది.

"నేనీ మాట అనలేదే. చావింటి గుమ్మంలా ఉందని కదే వేశాను. చెప్పమన్నాను కూడాను" అంది.

నేను క్లేర్ వైపు తిరిగాను. ఇంగ్లీషులో, నెమ్మదిగా, ఒకదాని తరవాత ఒకటి అంతా చెప్పాను. ఎవరైనా పోయిన ఇంట్లో ముగ్గు పెట్టే ఆచారం మాకు లేదని, ఆవిడ ఇల్లు అమ్మకు అలా కనిపించిందని, ఇంకొకరి గుమ్మం అలా ఉండడం చూడలేక వేసేదని. ఆ వాక్యం నాదని, దానికి నా బడి మాస్టారు తప్ప ఏ ఆధారమూ లేదని. మా అమ్మ ఆనాడు హానాను అడగమన్న ప్రశ్న గోడల గురించి కాదని, ఆ ఇంట్లో ఎవరు పోయారన్నదని. థీసిస్ కూలిపోతున్న చప్పుడు నాకు వినిపిస్తుందనుకున్నాను. క్లేర్ అమ్మ చెయ్యి వదల్లేదు.

ఆ ప్రశ్న తమ పుస్తకాల్లో ఎవరూ వేయలేదంది. జవాబు మాత్రం ఉందట. నోటుబుక్కుల్లో ఎక్కడా హానా ఆ సంగతి రాసుకోలేదు, శరణార్థిగా వచ్చినప్పుడు నింపిన ఫారంలో ఒక్క చోట ఉంది. భర్త, చెల్లెలు, ఒక కూతురు. యుద్ధంలోనే ముగ్గురూ. కూతురికి పన్నెండేళ్ళు.

ముప్పై ఏళ్ళు ఫారాలు చదివినదాన్ని. ఒక గడిలో ఎంత పడుతుందో నాకు తెలియాలి. నా తల మీద ఆ బిగువు, పాయ పాయకీ లాగిన ఆ చెయ్యి, ఆ సొరుగు, ఆ ఎర్రరిబ్బను ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. అరగంట సేపు గోడల గురించి చెబుతూ మధ్యలో ఆవిడ ఎక్కడ ఆగిందో, కప్పు ఎందుకు జరిపిందో ఇప్పుడు తెలిసింది. ఆ సంగతి చెప్పడానికి ఆవిడ ఇంకొక్క ప్రశ్న దూరంలో ఉంది. ఆ ప్రశ్న ఆ గదిలోకి వచ్చింది కూడా. మధ్యలో నేను కూర్చున్నాను.

ఆ మాటలు అమ్మకు నేను తెలుగులో చెప్పక్కర్లేకపోయింది. కూతురు, పన్నెండు, ఆ మాత్రం ఇంగ్లీషు ఆవిడకు ఎప్పుడో వచ్చేసింది. ఊడిన గుండీ దగ్గర స్వెట్టరు రెండు అంచులూ దగ్గరకు లాక్కుని, గోడ మీద ఆ పెన్సిలు ముగ్గు వైపు చూస్తూ కూర్చుంది. తరవాత కోపం లేకుండా, నా వైపు తిరక్కుండా అంది.

"అడగమన్నాను కదే."

ఏమన్నారు అని అడిగింది క్లేర్. ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాను.